దిండులో కుట్టిన ఫోను

సైమా నడవ మధ్యలో నిలబడి బెల్టు కొక్కెం టక్కున పెట్టి చూపించింది, టక్కున తీసి చూపించింది, ఆ చేతుల వంక చూస్తూ ఖాజాబీకి ఒళ్లంతా పులకరించిపోయింది. తను నూనె రాసి, తను దబ్బనం పట్టించి, సరిగ్గా పట్టనప్పుడు మొట్టికాయ వేసి పెంచిన చేతులే కదా అవి, ఇప్పుడు విమానం నిండా జనం వాటి వంక చూస్తున్నారు, చూడనివాళ్లు కూడా ఉన్నారు, ముందు వరసలో ఆ కళ్లద్దాలాయన ఫోను గీక్కుంటూ కూర్చున్నాడు, లేచి వెళ్లి ఆయన గడ్డం పట్టుకుని ఇటు తిప్పి, చూడవయ్యా మా అమ్మాయి ఇంత చక్కగా చెబుతుంటే, అని గదమాయించాలనిపించింది. కానీ అనకూడదు, మాటిచ్చింది. విమానంలో నన్ను పేరు పెట్టి పిలవకూడదమ్మా అంది సైమా, నేనెవరో తెలియనట్టే కూర్చోవాలి, పక్కవాళ్లతో నా కూతురని చెప్పుకోకూడదు, ఆ ఉబ్బిపోయిన పాత ఫోను పారేసి రావాలి. సిబ్బంది కుటుంబాలకిచ్చే టికెట్టు అది, దాని మీద వచ్చినవాళ్లు ఏ తప్పు చేసినా ఉద్యోగి నెత్తికే వస్తుంది, సైమాకి ఇంకో నెల గడిస్తేగానీ ఉద్యోగం ఖాయం కాదు. ఖాజాబీ అన్నిటికీ బుద్ధిగా తల ఊపింది. మొదటి మూడూ ఇప్పటిదాకా నిలబెట్టుకుంది, నిలబెట్టుకోలేక పెదాలు దురద పెడుతున్నాయి, అయినా నిలబెట్టుకుంది.

సైమా ఎర్రంచు కోటులో ఎంత పొడుగ్గా కనబడుతోంది, ఇంట్లో ఇంత పొడుగు లేదే, జుట్టు ఒక్క పోగు కూడా ఎగరకుండా ఎలా దువ్వుకుందో, పర్చూరులో దూది మిషను పక్కన కూర్చుని హోంవర్కు రాసుకునేటప్పుడు ఆ జుట్టు నిండా దూదే, ముసలిదానివి అయ్యావే అని వాళ్ల నాన్న గఫూర్ ఏడిపించేవాడు. ఆయన్నీ రమ్మంటే, గాల్లో నాకేం పనే, నాలుగు పరుపులు కుట్టాలి, నువ్వెళ్లిరా, అన్నాడు, అసలు సంగతి భయం, మేడ ఎక్కితేనే కళ్లు తిరిగే మనిషి. ఖాజాబీకి మాత్రం నిన్నటి నుంచి నిద్ర లేదు, ఆకలి లేదు, పొద్దున్నే కారులో చిలకలూరిపేట దాటినా, గుంటూరు దాటినా, తాడేపల్లి దగ్గర వంతెన మీద కృష్ణ కనబడినా గుండె చిన్నపిల్ల గుండెలా గెంతుతూనే ఉంది. యాభై రెండేళ్లు వచ్చాయి, ఇంత సంబరం ఎప్పుడు పడింది తను, పెళ్లిలో కూడా పడలేదు, పెళ్లిలో భయం పడింది. ఇప్పుడు సైమా మైకు అందుకుంది, ఇంగ్లీషు అయింది, హిందీ అయింది, తెలుగు మొదలైంది, ఆ గొంతు విమానమంతా పరుచుకుంది, తల మీద నుంచి కూడా వస్తోంది, ఖాజాబీ కళ్లు మూసుకుని విన్నది. మీ ఫోను గానీ పవర్ బ్యాంకు గానీ వేడెక్కినా, ఉబ్బినా, వాటి నుంచి వాసన లేదా పొగ వచ్చినా వెంటనే మా సిబ్బందికి తెలియజేయండి. ఫోను సీటు సందులో జారిపోతే సీటు కదపకండి, మమ్మల్ని పిలవండి. ఖాజాబీ కళ్లు తెరిచింది. ఉబ్బినా అన్న మాట దగ్గర కూతురు ఒక్క క్షణం తన వంకే చూసినట్టు అనిపించింది, చూడలేదేమో కూడా.

పాత ఫోను ఇప్పుడు సరిగ్గా ఆమె తల మీద, పైఅరలో, సంచిలో, సైమా కోసం కుట్టిన కొత్త దిండులో, దూది నట్టనడుమ ఉంది. గేటు దగ్గర కూడా సైమా అడిగింది, పారేశావుగా, అని, ఆఁ పారేశానే, షాపులో ఇచ్చేశాను, అంది తను, రెప్ప కూడా వేయకుండా. అబద్ధం ఆడిన నోటితోనే దువా చదువుకుంటూ మెట్లెక్కింది. ఏం చేయను మరి, అనుకుంది ఖాజాబీ, పారేయడానికి అదేమన్నా తుక్కా, అందులో ఆరేళ్ల పని ఉంది. తనకి రాయడం రాదు, ఎర్ర చుక్క నొక్కి మాట్లాడమ్మా, అదే దాచిపెడుతుంది, అని సైమాయే నేర్పింది, అప్పటి నుంచి పర్చూరులో, ఇంకొల్లులో, చుట్టుపక్కల ఊళ్లలో ఏ ఇంటి పరుపు ఎన్ని మూరలో, ఎవరికెంత దూదో అంతా ఆ ఫోనుకే చెప్పుకుంది. వెంకటరావమ్మగారి పెద్ద మంచం, నాలుగు మూరల వెడల్పు, దూది పదహారు కిలోలు, గట్టిగా కావాలి, ఆయనకి నడుం నొప్పి. నసీమున్నీసా కోడలి మంచం, పొడుగు తక్కువ, పిల్లకి తలగడ ఎత్తుండకూడదు. ఇలాంటివి ఎన్నో వందలు. వాటిని కొత్త ఫోనులోకి ఎక్కించమంటే మొబైల్ షాపు శ్యామ్ సుందర్ తల అడ్డంగా ఊపాడు, తెర చచ్చిపోయింది పిన్నీ, ఇక్కడ నా వల్ల కాదు, హైదరాబాదులో ఎవరన్నా తీస్తే తీయాలి, అన్నాడు. అందుకే తెచ్చింది. ఛార్జింగు లేకపోతే తీయలేరేమోనని రాత్రంతా పెట్టి నిండా ఎక్కించింది కూడా.

ఇక దిండులో ఎందుకు కుట్టావమ్మా అని ఎవరన్నా అడిగితే, పొద్దున స్కానింగు మిషను దగ్గర ఖాకీ బట్టల అమ్మాయి అడగనే అడిగింది, ఇందులో ఏంటి ఫోనా, ఎందుకు కుట్టారు, అని, పగలకుండానమ్మా, అని చెప్తే నవ్వి, మళ్లీ ఒకసారి మిషనులో తిప్పి పంపించేసింది, ఫోను తేకూడని వస్తువేమీ కాదు కదా. పగలకుండా అన్నది నిజమే. దూదేకులవాళ్లింట్లో విలువైనది ఏదైనా దూదిలోకే వెళుతుంది, గాజులు దూదిలోనే, గడియారం దూదిలోనే, సైమా పుట్టినప్పుడు నెలలు నిండలేదని నాయనమ్మ పిల్లని కూడా ఏకిన దూదిలోనే చుట్టి పడుకోబెట్టింది, బతికింది కదా, బతికి ఇలా మైకులో మాట్లాడుతోంది కదా. దూది దెబ్బ తగలనివ్వదు. కానీ వేడిని కూడా బయటికి పోనివ్వదు, ఆ సంగతి తనకి తెలియనిదా, చలికాలం అందరికీ పరుపులు అమ్మేటప్పుడు ఆ మాటే చెప్పి అమ్ముతుంది, వేడి ఎక్కడికీ పోదండీ, లోపలే ఉంటుందండీ, అని. ఈ రెండూ ఒక చోట పెట్టి ఆలోచించలేదు, అంతే. ఇప్పుడు ఆలోచిస్తోంది, బెల్టు కట్టుకుని, కిటికీ పక్కన, కదలడానికి లేని చోట కూర్చుని.

విమానం ఆగి, బుసకొట్టి, ఒక్కసారిగా పరుగు అందుకుంది, వీపు సీటుకి అతుక్కుపోయింది, అల్లా అనబోతే ఖాజాబీ నోట్లోంచి అమ్మో అని వచ్చింది, నేల వదిలేసింది, కడుపు కింద ఉండిపోయింది, తను పైకి వెళ్లిపోతోంది, పొలాలు వాలిపోయాయి, చెట్లు చిన్నవైపోయాయి, రోడ్డు మీద లారీలు అగ్గిపెట్టెలంత అయ్యాయి, ఫోను సంగతి, అబద్ధం సంగతి అన్నీ ఎగిరిపోయి కాసేపు పకపకా నవ్వాలనిపించింది, నవ్వింది కూడా. అవతలి సీటు పెద్దమనిషి తిరిగి చూశాడు, మొదటిసారా అమ్మా, అన్నాడు. ఆదెయ్య అట ఆయన పేరు, కోల్డు స్టోరేజీ పని మీద వెళుతున్నాడట, నెలకి రెండుసార్లు వెళతాడట, అడక్కుండానే చెప్పాడు. ఇద్దరి మధ్య సీటు ఖాళీ. కింద ఇసకలో కృష్ణ పాయలు పాయలుగా మెరిసింది, నదికి అవతల ఎర్రెర్రని మచ్చలు, అవేంటో మొదట తెలియలేదు, తర్వాత తెలిసింది, మిరపకాయలు, కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు, అంత ఘాటు పంటని ఇంత పైనుంచి చూస్తే ముగ్గుల్లో పోసే రంగులా ఉంది. చూడవే సైమా అని అరవబోయి పెదవి కొరుక్కుంది. రోజూ ఇదే చూస్తుందా ఈ పిల్ల, రోజూ చూసి కూడా ఇంటికి ఫోను చేసినప్పుడు ఒక్క మాట చెప్పలేదే, తిన్నావా పడుకున్నావా తప్ప ఏమీ చెప్పదు, దొంగమొహంది.

యాభై నిమిషాలేనట హైదరాబాదుకి. యాభై నిమిషాలు బుద్ధిగా ఉండలేదా అది, నెల రోజులు ఉబ్బిన కడుపుతో అలమరలో ఉన్నది ఈ కాస్తసేపు ఉండలేదా, ఆఫ్ చేసే కదా పెట్టింది. పిన్నీ, ఇది నిండు నెలలతో ఉంది, దీన్ని దగ్గర పెట్టుకుని పడుకోమాక, అని శ్యామ్ సుందర్ వేళాకోళం ఆడాడు గానీ ఆ తర్వాత వేళాకోళం లేకుండా కూడా చెప్పాడు, నిండా ఎక్కించి నొక్కావా, అంతే సంగతులు, అని. ఆ మధ్య అతని కొట్లోనే ఇంకెవరిదో ఫోను విప్పుతూ ఉబ్బిన బ్యాటరీని చాకుతో లేపాడు, ముందు ఒక వాసన వచ్చింది, గోళ్ల రంగు సీసా మూత తీసినట్టు తియ్యటి వాసన, ఏంట్రా అది అని తను అనేలోపు బుస్సుమంది, తెల్లటి పొగ, తర్వాత మంట, కాలితో రోడ్డు మీదకి తన్నేశాడు కాబట్టి సరిపోయింది. ఇక్కడ ఎక్కడికి తన్నుతారు. ఆ ఆలోచన రాగానే ఖాజాబీ తలెత్తి పైఅర వంక చూసింది, ఆ వెంటనే కిటికీలో ఒక మబ్బు వచ్చింది, నిజం మబ్బు, ఏకి కుప్ప పోసిన దూది, చెయ్యి పెడితే అందేలా ఉంది, దాని మీద ఎండ పడుతోంది, సంబరం మళ్లీ పొంగుకొచ్చింది, ఏం చేయాలో తెలియక ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుంది. భయమూ సంబరమూ ఒకే గిన్నెలో కలిపి తాగిస్తున్నట్టుంది ఎవరో.

బెల్టు గుర్తు దీపం ఆరగానే ఆదెయ్య లేచి పైఅర తెరిచాడు. తన పెట్టెలోంచి కళ్లజోడు తీసుకుని పెట్టెని మళ్లీ లోపలికి తోశాడు, అది పట్టలేదు, మోచేత్తో నొక్కాడు, భుజంతో నొక్కాడు, ఏదో మెత్తగా అడ్డమొస్తోందే, అనుకుంటూ అరచేత్తో గట్టిగా ఒక్క కుమ్ము కుమ్మి తలుపు వేశాడు. ఖాజాబీకి తన పొట్టలో కుమ్మినట్టయింది. అయ్యా, మెల్లగా, అంది. ఏవుందమ్మా అందులో, గాజులా, అన్నాడు. దిండండీ, అంది. దిండుకేమవుద్ది, అని నవ్వి కూర్చున్నాడు. దిండుకేమీ కాదు, నిజమే. నోరు తెరిచి అసలు మాట చెప్పెయ్యాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి, కానీ చెబితే ఏమవుతుంది, ఎవరి టికెట్టు మీద వచ్చావమ్మా అంటారు, సైమా పేరు బయటికొస్తుంది, ఫోను ఉబ్బితే చెప్పండని అందరికీ చెప్పే పిల్ల సొంత తల్లి చేత మోయించిందంటారు, ఒక్క నెలలో ఖాయం కావలసిన ఉద్యోగం పోతుంది. ఆ ఉద్యోగం కోసం పిల్ల ఎంత కష్టపడింది, అద్దం ముందు నిలబడి ఇంగ్లీషు మాట్లాడుకునేది, వాళ్లింట్లో ఆడపిల్ల విమానాల్లో పని చేస్తుందా అని నోళ్లు నొక్కుకున్నవాళ్లందరికీ గఫూర్ ఒక్కటే మాట, దూది కూడా ఎగిరేదే కదా, అనేవాడు. అంత మాట అన్న మనిషికి తిరిగెళ్లి ఏమని చెప్పాలి తను.

అప్పుడే సైమా బండి తోసుకుంటూ వచ్చింది, మేడమ్, టీ తీసుకుంటారా, అంది, కన్నతల్లిని మేడమ్ అంది, కంటి చివర మాత్రం చిన్న నవ్వు, తల్లికి తప్ప ఎవరికీ కనబడనంత నవ్వు. ఇదే సమయం, చెవిలో చెబితే సరి. ఖాజాబీ ముందుకి వంగింది, సైమా కూడా వంగింది, దగ్గరికొచ్చిన ఆ మొహంలో ఎంత వెలుగుందంటే, అమ్మ చూస్తోంది నా పని అన్న గర్వం ఎంతుందంటే, ఖాజాబీ నోట్లోంచి, పంచదార ఎక్కువెయ్యమ్మా, అన్న మాటే వచ్చింది. సైమా రెండు పొట్లాలిచ్చి వెనక వరసకి వెళ్లిపోయింది. పిరికిదానా, అని తనని తనే తిట్టుకుంటూ ఖాజాబీ టీ తాగింది, నాలిక కాలింది. టీ వాసనలో ఇంకో వాసన కలిసింది. తియ్యగా, పల్చగా ఉంది. ఎవరో సెంటు పూసుకున్నారేమో, ముందు సీటమ్మాయి గోళ్లకి రంగేసుకుంటోందేమో, ఆ అమ్మాయి నిద్రపోతోంది. పోయింది వాసన. మళ్లీ వచ్చింది. నాకే వస్తోందా, భయానికి వస్తోందా.

పదేళ్లప్పుడు కూడా ఇలాగే కూర్చుంది తను, పర్చూరులో నాయన బుడే సాహెబ్ రేకుల షెడ్డులో, దూది కుప్ప పక్కన, పిన్నీసు ఒకటి దూదిలో జారిపోయి. వెతికితే దొరకలేదు, చెబితే నాయన మిషను ఆపుతాడు, ఆపితే తిడతాడు, ఊరుకుంది. మిషను పళ్లకి ఇనుము తగిలితే నిప్పురవ్వ లేస్తుందని దూదేకే ఇంట్లో పిల్లలందరికీ తెలుసు, అయినా ఊరుకుంది, తగలదులే అనుకుంది. దూదిలో నిప్పు ఎలా ఉంటుందో ఆ రోజు చూసింది, పైన తెల్లగా మెరుస్తూ ఉంటుంది, ఏమీ జరగనట్టు ఉంటుంది, లోపల నల్లగా పాకుతుంది, కాస్త మాడు వాసన మాత్రం వస్తుంది. వాసన వస్తే ముందు అరవండి, తర్వాత వెతకండి, అని నాయన ఎన్నిసార్లు చెప్పాడో, తను వెతికింది, అరవలేదు. షెడ్డు పోయింది, మిషను పోయింది, నాయన మళ్లీ పాత విల్లు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి దూది ఏకడం మొదలుపెట్టాడు, పోయేదాకా అలాగే తిరిగాడు, ఆ పిన్నీసు ఎవరిదో ఆయనకి చివరిదాకా తెలియదు. ఆయన తిట్టే తిట్లు రెండు నిమిషాలు ఉండేవి, ఆ రెండు నిమిషాలకి భయపడింది తను. నలభై రెండేళ్ల తర్వాత ఆ మాడు వాసనే ఇప్పుడు ముక్కుకి తగిలింది, సందేహం లేదు, సెంటు కాదు, టీ కాదు, కాలుతున్న దూది.

"సైమా!" అని అరిచింది ఖాజాబీ, లేచి నిలబడి, ఊళ్లో పొలం గట్టు మీద నుంచి పిలిచినట్టు, విమానం ఈ చివరి నుంచి ఆ చివరికి. "సైమా, దూది అంటుకుందే! నా సంచీ! నేనే తెచ్చా, పాత ఫోను, దిండులో ఉంది, అంటుకుందే!"

ఆ తర్వాత జరిగినవన్నీ ఒకేసారి జరిగాయి. ఆదెయ్య పైఅర మీద చెయ్యి వేయబోయాడు, ముట్టుకోకండి, అని సైమా గొంతు కొరడాలా వచ్చింది, అప్పటికే పరిగెత్తుకొచ్చేసింది, వెనకాలే పెద్ద ఉద్యోగిని మాధురి ఎర్ర సిలిండరు పట్టుకుని. ఈ రెండు వరసలూ లేవండి, వెనక్కి వెళ్లండి, తలలు వంచుకోండి. సైమా అరచేతి వెనకవైపుతో అర తలుపు తాకి చూసింది, కొంచెమే తెరిచింది, పొగ కిందికి దూకింది, సిలిండరు బుస్సుమంది, ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో దేవుణ్ణి పిలుస్తున్నారు, ఎవరో వీడియో తీస్తున్నారు, ఖాజాబీ మాత్రం వెనక్కి వెళ్లలేదు, సీటు వెనక నిలబడి అరుస్తూనే ఉంది. మంట ఆగింది, నీళ్లు పోశారు, పొగ ఆగలేదు. పైన పోస్తే లోపలికి దిగదే, అంది ఖాజాబీ, గట్టిగా కూరిన పచ్చి దూది నీళ్లు తాగదు, విప్పాలి, కుట్టు విప్పాలి. సైమా మందపాటి చేతి తొడుగులు వేసుకుని దిండుని తీసి బండిలోని ఇనప పెట్టెలో పడేసింది, గలీబు చించబోతే చినగలేదు, ఖాజాబీ కుట్టు అంత తేలిగ్గా చినగదు. ఎడమ మూల, అంది తల్లి, అనేలోపే సైమా చెయ్యి ఎడమ మూలకే వెళ్లింది. రెండేళ్లకోసారి విప్పి దూది మళ్లీ ఏకాలి కాబట్టి పరుపు కుట్టేవాళ్లు ఆఖరి ముడి ఒకటి వదులుగా వేస్తారు, అది ఎక్కడుందో కుట్టినవాళ్లకే తెలుసు, తొడుగుతో ఆ ముడి దొరకలేదు, సైమా ఎడమ చేతి తొడుగు పీకేసి ఉత్త వేళ్లతో పట్టుకుని లాగింది, దారం సర్రుమని కుట్టంతా ఊడొచ్చింది, దిండు నోరు తెరిచింది, లోపల నల్లగా, ఎర్రగా, మధ్యలో ఫోను. మాధురి సీసా తర్వాత సీసా నీళ్లు కుమ్మరించింది. సుయ్‌మని చాలాసేపు చప్పుడు చేసి అది చచ్చిపోయింది.

దాంతో పాటు వెంకటరావమ్మగారి పెద్ద మంచమూ, నసీమున్నీసా కోడలి మంచమూ, ఆరేళ్ల మూరలూ కిలోలూ పోయాయి. పోతే పోయాయి, ఇల్లిల్లూ తిరిగి మళ్లీ కొలుచుకుంటుంది తను, కాళ్లున్నాయి కదా. విమానం ఎగురుతూనే ఉంది, అదే పెద్ద వింత, ఇంత జరిగినా కిటికీలో మబ్బులు అలాగే ఉన్నాయి. మాధురి ఆమె దగ్గరికొచ్చింది, జుట్టు చెదిరింది, గొంతు మాత్రం చెదరలేదు. ఈ సంచి మీదేనా, మీరెవరి తరఫున వచ్చారు. నాదేనమ్మా, అంది ఖాజాబీ, నా తరఫునే నేనొచ్చా. ఈ అమ్మాయిని పేరు పెట్టి పిలిచారు కదా, మీకు తెలుసా. తెలీదమ్మా, అంది ఖాజాబీ, కోటు మీద పేరు రాసుంటే చదివాను. మాధురి ఆ పేరు బిళ్లని చూసింది, అంతా ఇంగ్లీషులో ఉంది. చదువుకున్నారా, అంది.

"ఓసేయ్ అమ్మా!" అంది సైమా. ఇందాకటి మైకు గొంతు ఎటుపోయిందో, అచ్చం పర్చూరు గొంతు బయటికొచ్చింది. "నీకసలు బుద్ధుందా? పారేశావా అంటే పారేశానంటివి! రెండుసార్లు అడిగానే నిన్ను! ఫోనుని తీసుకెళ్లి దూదిలో కుడతారటే ఎవరన్నా? ఎంతమంది ఉన్నారే ఇందులో! నువ్వు కాలిపోతే నాన్నకి నేనేం చెప్పాలే!" అంటూనే ఉంది, కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, ఎడమ వేళ్లు ఎర్రగా బొబ్బలెక్కాయి, జుట్టు నిండా కాలిన దూది. అందరూ చూస్తున్నారు, ముందు వరస కళ్లద్దాలాయన కూడా ఇప్పుడు చూస్తున్నాడు. ఖాజాబీ నిలబడి తిట్లన్నీ తిన్నది, ఒక్కో తిట్టూ పడుతుంటే గుండె తేలికపడుతోంది, బతికుంది కాబట్టి తిడుతోంది, తిట్టనీ, ఇంకా తిట్టనీ. నా అమ్మే మేడమ్, అంది సైమా ఊపిరి తిప్పుకుని మాధురితో, నా టికెట్టే. మాధురి ఇద్దరినీ ఒకసారి చూసి, మంచు ముక్కలు గుడ్డలో మూటగట్టి సైమా చేతిలో పెట్టింది. నువ్వు ఇక్కడే కూర్చుని ఆ పెట్టె మీద కన్నేసి ఉంచు, అంది, పది నిమిషాలుంది, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకో, ఉద్యోగం సంగతి నా చేతిలో లేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తే మాత్రం కింద నేనూ సంతకం చేస్తాను.

సైమా పక్క సీట్లో కూర్చుంది, మోకాళ్ల మీద కాగితం, కుడి చేతిలో పెన్ను. విమానం ముక్కు కిందికి దించింది, ఖాజాబీ కడుపులో మళ్లీ ఆ గిలిగింత. నీకు రాయడం రాదుగా, చెప్పు, అంది సైమా, ఇంకా కోపంగానే. చెప్తా రాసుకో, అంది ఖాజాబీ. ఫోను ఉబ్బిందని నాకు తెలుసు. మా అమ్మాయి పారేయమంది, పారేశానని అబద్ధం చెప్పాను. గేటు దగ్గర కూడా చెప్పాను. పైకెక్కాక తప్పని తెలిసింది, అయినా నోరు విప్పలేదు, వాసన వచ్చేదాకా టీ తాగుతూ కూర్చున్నా, అది కూడా రాయి. ఇందులో మా అమ్మాయి తప్పేమీ లేదు, ఆ పిల్లకి ఏమీ తెలియదు. సైమా పెన్ను ఆగిపోయింది. ఇది రాస్తే నీకు ఇంకెప్పుడూ ఈ టికెట్టు ఇవ్వరమ్మా, అంది, నీ పేరు కొట్టేస్తారు, జన్మలో మళ్లీ ఎక్కలేవు.

కిటికీలో మబ్బు విడిపోయింది, కింద బండరాళ్లూ, చెరువులూ, ఎండలో తళతళలాడే వెయ్యి మేడలూ పైపైకి లేచి వస్తున్నాయి, ఎటు చూడాలో తెలియడం లేదు, రెండు కళ్లు చాలడం లేదు. "అయితే తొందరగా రాసెయ్యవే తల్లీ," అంది ఖాజాబీ, కూతురి మోచేతిని పొడుస్తూ, "కింద ఊరొచ్చేస్తోంది, నన్ను చూసుకోనీ."